ఇంట్లో కారు పనికి పనిముట్లు: సమస్యను బట్టి ఎంపిక

కొత్తగా కారు కొన్నవారు సాధారణంగా చేసే పొరపాటు, 108 ముక్కలున్న పనిముట్ల పెట్టెను ఒకేసారి కొనేయడం. అష్టోత్తరానికి సరిపోయే సంఖ్యే గానీ, నేను కొన్న అలాంటి పెట్టెలో సగం ముక్కలు ఇప్పటికీ తమ గుంటల్లోంచి బయటికి రాలేదు. నా కారు చక్రం నట్లకు కావలసిన 21 మిల్లీమీటర్ల సాకెట్టు (నట్టు మీద తొడిగి తిప్పే గిన్నె) మాత్రం అందులో లేనే లేదు. ముందు సమస్య లక్షణాన్ని, ఆపైన కారణాన్ని చూసి, దానికి తగిన పనిముట్టును మాత్రమే కొనడం మేలు. విశాఖపట్నంలో సముద్రపు గాలి, ఏటవాలు వీధులు ఈ ఎంపికను మరికొంత మారుస్తాయి.

తాళం తిప్పితే టకటకమనడమే తప్ప ఇంజను తిరగదు

ఈ చప్పుడు వినగానే బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేవారున్నారు. బ్యాటరీలో చార్జి తగ్గినా, టెర్మినల్ దగ్గర, అంటే బ్యాటరీ సీసపు మొనకు తీగ క్లాంపు బిగించే చోట, పట్టు చెడినా చప్పుడు ఒకటే కాబట్టి తొందరపడకూడదు. ఈ రెండింటినీ వేరుచేసి చూపేది వోల్టేజి కొలిచే మామూలు డిజిటల్ మల్టీమీటరు. రాత్రంతా కదలని కారులో బ్యాటరీ సీసపు మొనల మీద మీటరు కడ్డీలు ఆనించినప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టు. 12 కంటే దిగితే చార్జి పెట్టక తప్పదు. వోల్టేజి సరిగానే ఉంటే, ఇంకొకరు తాళం తిప్పుతుండగా ఒక కడ్డీని సీసపు మొన మీద, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద ఉంచి చూడాలి. అక్కడ అర వోల్టు కనబడిందంటే లోపం బ్యాటరీది కాదు, పట్టుది.

బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఆరుబయట కారు నిలిపేవారు ఈ రెండో కారణాన్నే ముందు అనుమానించాలి. బ్యాటరీ ఆమ్లపు ఆవిరికి తేమ, ఉప్పుగాలి తోడై క్లాంపు అంచుల్లో తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుంటుంది. దీనికి కావలసినవి 10 మిల్లీమీటర్ల పానా, చిన్న తీగల బ్రష్షు, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో కలిపిన చెంచాడు తినేసోడా, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు. ముందు నెగెటివ్ క్లాంపునే విప్పాలి. కారు బాడీ అంతా నెగెటివ్‌తో కలిసి ఉంటుంది కనుక, ముందు పాజిటివ్ విప్పబోయి పానా బాడీకి తగిలిందంటే షార్ట్ అయి నిప్పురవ్వలు లేస్తాయి. సోడా నీళ్లు పోయగానే పొడి బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగు ఆగాక బ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, పాజిటివ్ ముందు, నెగెటివ్ తరువాత బిగించి, పైన పలచగా వాజలీన్ పూయాలి. ఇంజను నడుస్తుండగా మీటరు సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు చూపాలి. ఎంత సేపైనా 12 దగ్గరే నిలిచిపోతే చార్జింగులో, ఎక్కువసార్లు ఇంజనుతో తిరిగి బ్యాటరీకి చార్జి ఇచ్చే ఆల్టర్నేటరులో, లోపం ఉన్నట్టు. అది ఇంట్లో చేసే పని కాదు.

పానా జారి బోల్టు మూలలు అరిగిపోతున్నాయి

దీనికి చేతి బలం కారణం కాదు, తప్పుడు కొలత కారణం. కొన్ని పెద్ద పెట్టెల్లో చాలా సాకెట్లు అంగుళాల కొలతల్లో ఉంటాయి. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు, అది 12 మిల్లీమీటర్ల బోల్టు మీద వదులుగా కూర్చుని, బలం పడగానే మూలలను తినేస్తుంది. అడ్జస్టబుల్ పానాతోనూ ఇదే ప్రమాదం. పన్నెండు మూలల సాకెట్టు బోల్టు అంచుల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. ఆరు మూలలది చదునైన ముఖాల మీద ఆనుతుంది కాబట్టి తుప్పు పట్టిన బోల్టుకు ఆరు మూలలదే కొనాలి.

మారుతీ, హ్యుందాయ్, టొయోటా కార్లలో చాలా పనులు 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల కొలతలతో సాగిపోతాయి. యూరపు కంపెనీల కార్లకు 13, 16, 18 కొలతలతో పాటు నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు కూడా అవసరమవుతాయి. 3/8 అంగుళాల రాచెట్ (సాకెట్టు తగిలించి తిప్పే పిడి; 3/8 దాని మొన కొలత), ఈ కొలతల సాకెట్లు, లోతున్న బోల్టును అందుకోవడానికి ఒక పొడవాటి ఎక్స్‌టెన్షను, అవే కొలతల్లో ఒకవైపు రింగు, మరోవైపు నోరు ఉన్న పానాలు తీసుకుంటే తొలి పెట్టె నిండినట్టే. క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని చెక్కి ఉన్నవి చూసి కొనాలి. ఇప్పటికే అరిగిపోయిన బోల్టు మీద తుప్పు వదిలించే ఆయిలు కొట్టి రాత్రంతా వదిలేసి, మరునాడు పట్టుకున్నాక వదలకుండా బిగిసి ఉండే లాకింగ్ ప్లయరుతో ప్రయత్నించవచ్చు.

చక్రం నట్లు కదలవు

టైరు షాపులో గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగించడం ఒక కారణం, తుప్పు మరో కారణం. కారుతో వచ్చిన పొట్టి ఎల్ పానా మీద ఎక్కి తొక్కేవారిని చూస్తుంటాం. అది జారితే దెబ్బ మోకాలికి తగులుతుంది. రెండడుగుల పొడవైన బ్రేకర్ బారు (సాకెట్టు తగిలించే పొడవాటి పిడి), తగిన కొలత సాకెట్టు ఉంటే చేతితోనే పని అవుతుంది. కారు నేల మీద ఉన్నప్పుడే నట్లను కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తాలి. చివరి బిగింపు, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో, ఎదురెదురు నట్ల వరుసలో, చక్రం నేలకు ఆనాక జరగాలి. ఆ బిగింపు బలం చిన్న కార్లకు సాధారణంగా 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది గానీ, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. ఖరీదైనదైనా నేను వాయిదా వేయవద్దనే పనిముట్టు ఈ టార్క్ రెంచి ఒక్కటే.

జాకీ ఒరుగుతోంది

వాలు మీద ఎత్తడం, మెత్తని నేల, జాకీని దాని గుర్తు ఉన్న చోట కాక మరెక్కడో పెట్టడం దీనికి కారణాలు. వాల్తేరు అప్‌ల్యాండ్స్ వంటి ఎత్తుపల్లాల వీధుల్లో చదునైన చోటికి కారును తీసుకుపోయే వరకు ఈ పని మొదలుపెట్టకూడదు. చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, జాకీ కింద మందమైన చెక్క, ఎత్తిన కారు బరువును మోసే 2 టన్నుల యాక్సిల్ స్టాండ్ల జత కొనాలి. కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్మి కారు కింద దూరకూడదు.

హారన్, ఫోను చార్జింగు సాకెట్టు హఠాత్తుగా ఆగిపోయాయి

చాలాసార్లు ఫ్యూజు పోయి ఉంటుంది. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. పోయిన రంగుదే వేయాలి. అదీ వెంటనే పోతే పెద్ద ఫ్యూజు వేయకుండా వైరింగు చూపించాలి.

పనిముట్లకే తుప్పు పడుతోంది

వానాకాలంలో డిక్కీలో వదిలేసిన ప్లయరు కీలు నెల తిరిగేసరికి బిగుసుకుపోవడం ఇక్కడ వింతేమీ కాదు. పని కాగానే చెమట, మట్టి తుడిచి, ఇంజన్ ఆయిల్ అద్దిన గుడ్డతో ఒకసారి రాసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఇంట్లోనే ఉంచాలి. టార్క్ రెంచిని దాచేముందు దాని స్కేలులోని అతి తక్కువ అంకె దగ్గరికి తిప్పి పెట్టాలి. లేకపోతే లోపలి స్ప్రింగు అలసి కొలత తప్పుతుంది.