చదువు అప్పు లెక్కలు – 3వ పాఠం: గడువులో పెరిగే వడ్డీ

గత పాఠంలో దరఖాస్తు దాకా వచ్చాం. ఇప్పుడు స్కిల్ లోన్, అంటే ఐటీఐ లాంటి వృత్తి కోర్సులకు బ్యాంకు ఇచ్చే అప్పు, మంజూరై, డబ్బు నేరుగా ఐటీఐ ఖాతాకు చేరిందనుకుందాం. చాలామంది ఇక్కడ ఫైలు మూసి బీరువాలో పెట్టేస్తారు. ‘చదువయ్యాక ఆరు నెలల దాకా కట్టక్కర్లేదట’ అని రాజాంలోనూ పలాసలోనూ ఎంతమంది నోటనో విన్నాను. కట్టక్కర్లేదన్నది నిజమే. కానీ వడ్డీ ఆగదు. డబ్బు విడుదలైన రోజు నుంచే అది నడుస్తూ ఉంటుంది.

ముందు వడ్డీని మనవాళ్ల భాషలోకి మార్చుకుందాం. బ్యాంకు ఏడాదికి 12 శాతం అంటే, మన ఊళ్లో నూటికి నెలకు రూపాయి వడ్డీ. 9 శాతమైతే ముప్పావలా, అంటే 75 పైసలు. శాతాన్ని 12తో భాగిస్తే చాలు. ఈ లెక్క ఇంట్లో అమ్మకూ నాన్నకూ చెప్పండి, వాళ్లకు మనకంటే త్వరగా అర్థమవుతుంది.

ఇక ఉదాహరణ. విజయనగరంలో ఏడాది వెల్డర్ కోర్సుకు 60,000 రూపాయల లోన్, రూపాయి వడ్డీ, మొత్తం ఒకేసారి విడుదలైంది. నెలకు వడ్డీ 600. ఏడాది వరకు ఉన్న కోర్సుకు, అది పూర్తయ్యాక 6 నెలల గడువు ఇస్తారు. కోర్సు ఏడాదితో కలిపి వాయిదా కట్టక్కర్లేని కాలం మొత్తం 18 నెలలు. ఈ కాలంలో వేసేది బారువడ్డీయే, అయినా 10,800 అవుతుంది. వాయిదాలు మొదలయ్యేటప్పుడు దాన్ని అసలులో కలిపేస్తారు. అప్పు 70,800. అక్కడి నుంచి వడ్డీ మీద కూడా వడ్డీ పడుతుంది.

అయిదేళ్లలో తీరిస్తే నెల వాయిదా దాదాపు 1,575. ఆ 18 నెలల్లోనే వడ్డీ కట్టేసి ఉంటే 1,335. తేడా 240, అరవై నెలలకు 14,400. అంటే అప్పుడు కట్టని 10,800కి ఇంకో 3,600 తోడైంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు.

నెలనెలా 600 కట్టలేని ఇళ్లు ఉన్నాయని నాకు తెలుసు. జీడి కోతలప్పుడో, వరి అమ్మినప్పుడో చేతిలో డబ్బు ఆడినప్పుడు రెండు మూడు నెలలది కలిపి కట్టండి. గడువులో వడ్డీ కడుతూ వస్తే ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులున్నాయి. మీ బ్రాంచిలో ఆ మాట అడగండి, సిగ్గుపడకండి.

ఒక జాగ్రత్త. జీడిబట్టీలో పనిచేసే ఒక అమ్మ ఏడాదిపాటు కొడుకు సేవింగ్స్ ఖాతాలో డబ్బు వేస్తూ, లోన్‌కే పోతోందనుకుంది. ఆమె ముఖం నేను మర్చిపోలేను. కట్టేటప్పుడు లోన్ ఖాతా నంబరే రాయండి, రసీదు మీద ఆ నంబరు చూసుకోండి.

ఈ వారం అభ్యాసం: బ్యాంకుకు వెళ్లి లోన్ స్టేట్‌మెంట్ తీసుకోండి. విడుదలైన తేదీ, వడ్డీ శాతం, ఇప్పటిదాకా పడిన వడ్డీ నోటుబుక్కులో రాసుకోండి. విడతలుగా విడుదలైతే ఒక్కో విడతకు లెక్క విడిగా వేయండి. వచ్చే పాఠంలో మొదటి వాయిదా తేదీకి ఉద్యోగం రాకపోతే బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం.