పొట్టలో లింఫ్ గడ్డకు స్కాన్ రాశారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

కనిగిరి, పామూరు వైపు నుంచి ఒంగోలుకో నెల్లూరుకో కాంట్రాస్ట్ సీటీకి (నరానికి అయోడిన్ మందు ఎక్కించి తీసే స్కాన్) వెళ్లేవాళ్లు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. మన దగ్గర ఫ్లోరైడ్ నీళ్ల బాధతోపాటు కిడ్నీ జబ్బులూ ఉన్నాయి. ఆ అయోడిన్ మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. మనిషి పైకి బాగానే కనిపించినా కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. అలాగని ఖర్చు తగ్గుతుందని మందు లేని ఉత్త సీటీ అడగొద్దు. అందులో పేగేదో లింఫ్ గ్రంథేదో తేల్చడం కష్టం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లు ఆపాలో వద్దో డాక్టర్నే అడగండి.

రొయ్యలు పడనివాళ్లు ఈ మందూ పడదేమోనని టెన్షన్ పడుతుంటారు. రెండింటికీ ప్రత్యేకంగా సంబంధం లేదు. ఇదివరకు కాంట్రాస్ట్‌తోనే దద్దుర్లు, ఆయాసం వచ్చుంటే మాత్రం తప్పకుండా చెప్పాలి. మందు ఎక్కగానే గొంతులో వేడి, నోట్లో ఇనుము రుచి, మూత్రం పడిపోయినట్టు అనిపిస్తాయి. కాసేపట్లో అదే సర్దుకుంటుంది, కదలకండి.

గ్లూకోజు లాంటి మందు ఎక్కించి తీసే పెట్ సీటీ అయితే ముందురోజు బరువు పనులు వద్దు, కండరాలే గ్లూకోజు మందును లాగేసుకుంటాయి. స్కాన్‌కు ముందు 6 గంటలు ఉత్త మంచినీళ్లే, టీ కూడా వద్దు. షుగర్ 200 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. ఇంజెక్షన్‌లో రేడియేషన్ వెదజల్లే ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది కాబట్టి ఆ పూటకు చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండండి. గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా ఏ స్కాన్‌కైనా ముందే చెప్పాలి.

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త వేరే ఉంది. ముక్క తీసి పరీక్ష చేసేలోపు, డాక్టర్‌కి తెలియకుండా డెక్సా లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అయితే గడ్డ కరిగినట్టే కరిగి, తీసిన ముక్కలో జబ్బు పేరు దొరక్కుండా పోవచ్చు. తగ్గిందనుకుని ఊరుకుంటే మళ్లీ పెరుగుతుంది. స్కాన్ గడ్డ ఎక్కడుందో, ఎంతుందో చూపిస్తుంది, అదేమిటో తేల్చి చెప్పలేదు. పొట్టలో టీబీ గ్రంథులు, లింఫోమా, అరుదుగా వచ్చే క్యాసిల్‌మన్ జబ్బు (లింఫ్ గ్రంథులు ఉబ్బే, క్యాన్సర్ కాని జబ్బు) ఒక్కోసారి స్కాన్‌లో ఒకేలా ఉంటాయి. టీబీకి నెలల తరబడి మాత్రలు, లింఫోమాకు ఎక్కువగా కీమో. క్యాసిల్‌మన్ గడ్డ ఒకేచోట ఉండి, పూర్తిగా తీసేయగలిగితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. వైద్యాలు ఇంత వేరు కాబట్టే, ముక్క రిపోర్టుకు మరో వారం పట్టినా ఓపిక పట్టమంటాను.

పాత స్కాన్ల సీడీలు కూడా సంచిలో పెట్టుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టి కొలిస్తేనే గడ్డ పెరిగిందో లేదో సరిగ్గా తెలిసేది.