తనిఖీ ముందురోజు ఇంజిన్ కడగకండి: చిన్న విమానం ఓనర్లకు జాగ్రత్తలు

ఎండాకాలమంతా షెడ్డులో నిలబడ్డ చిన్న విమానానికి ఏడాది తనిఖీ దగ్గరపడగానే చాలామంది ఓనర్లు ఇంజిన్ కడిగిస్తారు. తళతళలాడించి ఇంజినీర్ ముందు పెడతారు. దయచేసి అలా చేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు జ్వరం గోలీ వేసుకుంటే ఒళ్లు చల్లగానే ఉంటుంది, రోగం మాత్రం దొరకదు.

ముందురోజే డీజిల్‌తో కడిగించిన ఇంజిన్ ఒకటి నా చేతికి వచ్చింది. ఒక్క మరక లేదు. తనిఖీ అయిపోయి రెండుసార్లు ఎగిరాక కార్బ్యురేటర్ కింద నీలం మరక తేలింది. అది పెట్రోల్ లీక్. ఏ రకమో గుర్తుపట్టడానికి 100ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్‌కు, అంటే చిన్న విమానాల పెట్రోల్‌కు, నీలం రంగు కలుపుతారు. పెట్రోల్ ఆవిరైపోయినా ఆ రంగు మిగులుతుంది. దాన్ని మనమే తుడిచేస్తే ఎలా? ఆ రెండుసార్లూ ఏమీ కాలేదు కానీ, తలచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

మరకల్ని చదవడం మీరూ నేర్చుకోవచ్చు. రేకుల్ని బిగించే రివెట్ చుట్టూ నల్లగా పొగ చారలా ఉంటే అది వదులై కదులుతున్నట్టు. ఎగ్జాస్ట్ పైపు అతుకుల దగ్గర తెల్లటి, బూడిదరంగు పొడి కనిపిస్తే పొగ బయటికి వస్తున్నట్టు. క్యాబిన్ హీటర్‌కు వేడి ఆ పైపు చుట్టూ ఉన్న తొడుగు నుంచే వస్తుంది కాబట్టి ఆ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ నేరుగా మీ ముక్కుకే చేరుతుంది. వీటిని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. ఆయిల్ కూడా తనిఖీకి ముందే మార్చి పడేయకండి. పాత ఫిల్టర్‌ను కోసి, లోపల లోహపు రవ్వలున్నాయేమో ఇంజినీర్ చూడాలి.

ఇక జీవాలు. నల్లగొండ, పాలమూరు ఎండలకు నీడ దొరికిన ప్రతి బొక్కలో ఏదో ఒకటి చేరుతుంది. గోరింకలు ఇంజిన్ మీది మూత (కౌలింగ్) లోపల, తోక భాగంలో గడ్డి పేరుస్తాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వాటి మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఎలుక ఉన్నచోటికి పామూ వస్తుంది, టార్చి వేయకుండా సీట్ల కింద చెయ్యి పెట్టకండి. అన్నిటికంటే నాకు భయం మట్టి గూడు కట్టే కందిరీగంటే. వేగం కొలిచే పిటాట్ ట్యూబ్ దానికి సరిగ్గా సరిపోయే ఇల్లు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరంలో బిర్గెన్‌ఎయిర్ వారి బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. ఒక పిటాట్ ట్యూబ్ మూసుకుపోయి వేగం తప్పుగా చూపింది. అలాంటి పురుగు కట్టిన మట్టి గూడే దాన్ని మూసి ఉంటుందని దర్యాప్తులో అనుమానించారు. అనుమానం వస్తే తీగ పెట్టి పొడవకండి, గాలి కొట్టకండి, లోపలి మీటర్ పాడవుతుంది. ఇంజినీర్‌కు చెప్పండి.

ప్రొపెల్లర్‌ను ఎప్పుడూ ప్రాణమున్నదానిలాగే చూడండి. ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటో ఎర్త్ వైరు తెగి ఉంటే తాళంచెవి తీసి జేబులో పెట్టుకున్నా, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పగానే ఇంజిన్ స్టార్ట్ కావచ్చు. తుడవడానికి వచ్చిన పిల్లగాళ్లకు ఇది ముందే చెప్పాలి.

బయటి భాగం కడగొచ్చు. కానీ మన వైపు బోరు నీళ్లలో ఉప్పెక్కువ, ఆరితే తెల్లమచ్చలు కడతాయి. విండ్‌షీల్డ్‌కు మంచినీళ్లు, మెత్తటి నూలుబట్ట వాడండి. పెట్రోల్, థిన్నర్, అమ్మోనియా కలిసిన గ్లాస్ క్లీనర్ తగిలితే ఆ ప్లాస్టిక్ మీద సన్నటి పగుళ్లు పడతాయి.

కాగితాల సంగతి: విమానం, ఇంజిన్, ప్రొపెల్లర్ లాగ్‌బుక్‌లు, తప్పనిసరి మరమ్మతు ఆదేశాల జాబితా, బీమా, ఏఆర్‌సీ (విమానం ఎగరడానికి తగినదని ఇచ్చే సర్టిఫికెట్) గడువు, ఈఎల్‌టీ (ప్రమాదంలో సాయం కోసం సిగ్నల్ పంపే పరికరం) బ్యాటరీ తేదీ. ఈఎల్‌టీని ఊరికే నొక్కి చూడకండి, సిగ్నల్ ఉపగ్రహానికి వెళ్తుంది. ఏడాదిలో మీకు తోచిన ప్రతి చిన్న లోపమూ, బ్రేక్ ఒకవైపు లాగడం దగ్గర్నుంచి, తేదీతో రాసివ్వండి. గట్టిగా దిగి టైరు అదిరిన రోజు ఉంటే అదీ రాయండి. సిగ్గుపడితే ల్యాండింగ్ గేర్‌లో పగులు దొరక్కుండా పోతుంది.

పని పూర్తయ్యాక మొదటిసారి ఒక్కరే ఎగరండి, ఇంటివాళ్లను ఎక్కించుకోకండి. ఎక్కే ముందు చుట్టూ తిరిగి ఎత్తు, వేగం మీటర్లకు గాలి ఒత్తిడి అందించే స్టాటిక్ రంధ్రాల మీద టేప్ మిగిలిందేమో వేలితో తడిమి చూడండి. 1996 అక్టోబర్ 2న లిమా నుంచి లేచిన ఏరోపెరూ విమానంలో 70 మంది పోయింది, కడిగేటప్పుడు అంటించిన టేప్ తీయడం మరిచిపోయినందుకే. తర్వాత సీట్లో కూర్చుని కంట్రోల్‌ను కుడివైపు తిప్పండి. కుడి రెక్క వెనక అంచున కదిలే పలక (ఎయిలెరాన్) పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. కేబుళ్లు తారుమారుగా తగిలించి ఉంటే అది తెలుసుకోవాల్సింది అక్కడే, నేల మీదే.