సీడ్ (చేపపిల్లలు) కొనేముందు పిల్ల నిలకడ చూడండి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు గుంటల్లో వదలడానికి బొచ్చె, శీలావతి చేపపిల్లలు కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సైజు తర్వాత, ముందు నిలకడ చూడండి.

తెల్ల బేసిన్‌లో హేచరీ (పిల్లల్ని పుట్టించి అమ్మే చోటు) నీళ్లే పోసి కొన్ని పిల్లల్ని వదలండి. చేత్తో నీళ్లను మెల్లగా గుండ్రంగా తిప్పండి. మంచి పిల్ల వీపు పైకే ఉంచి ఎదురీదుతుంది. పక్కకు ఒరిగి నీళ్లతోపాటే కొట్టుకుపోయేవి ఎక్కువుంటే ఆ లాట్ వద్దు.

ఒరిగినట్టు పిల్లకెలా తెలుస్తుంది? బయటికి కనపడదు గానీ దానికి లోపలి చెవి ఉంది. అందులో సున్నపు పదార్థంతో ఏర్పడిన బుల్లి రాళ్లు, సన్నటి నూగున్న కణాల మీద ఆని ఉంటాయి. ఒళ్లు ఒరిగితే రాయి జరుగుతుంది, నూగు వంగుతుంది, కబురు మెదడుకు పోతుంది. వెంటనే రెక్కలు, తోక సర్దుకుంటాయి. గాజు గ్లాసులో వేసి దగ్గరగా చూడండి: ఒళ్లు ఒరిగినా కళ్లు మాత్రం ఎదురు తిరిగి సమంగా నిలవాలని చూస్తాయి. ఎంత ముచ్చటగా ఉంటుందో!

టార్చి మాత్రం పక్కనుంచి కొట్టకండి. చేప వెలుగు వైపుకు వీపు వంచుతుంది, అది జబ్బు కాదు. పగటిపూట, వెలుగు పైనుంచి పడేచోట చూడండి.

గుంట దగ్గరికి తెచ్చాక టెన్షన్‌తో గబగబా పోసేయొద్దు. పిల్లలున్న కవర్‌ను 15-20 నిమిషాలు నీళ్లలో తేలనిచ్చి, గుంట నీళ్లు కొంచెం కొంచెం కలిపి, పిల్లల్ని వాటంతటవే బయటికి పోనివ్వండి.