కేసు ఫైలు రాయడం – పాఠం 5: ‘తెలియవచ్చింది’ అంటే ఎవరు చెప్పినట్టు?

పిల్లల రక్షణ పనిలో ఉన్న మీకు పోయిన పాఠంలో ఒక అమ్మాయి కేసు ఇచ్చి రిపోర్టు రాయమన్నాను. మీరు రాసి పంపిన పేజీలన్నీ చదివాను. ఈ వారం పిల్లకున్న ప్రమాదాన్ని అంచనా కట్టడం మొదలుపెడదామనుకున్నాను. ఆ పేజీలు చదివాక దాన్ని కాస్త వెనక్కి జరిపాను. ఒకే చోట దాదాపు అందరూ తడబడ్డారు. అది సరిచేసుకోకుండా ముందుకు వెళ్తే మీరు కట్టే అంచనా ఎవరిదో పుకారు మీద నిలబడుతుంది.

కేసు మళ్లీ గుర్తు చేస్తాను. ఇది కల్పితం. పల్నాడు వైపు ఒక ఊరు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వచ్చింది. ఆరో తరగతి చదివే పదకొండేళ్ల అమ్మాయి మూడు వారాలుగా బడికి రావడం లేదు. తండ్రి చనిపోయాడు. తల్లి మిరప కోతలకు వెళ్తుంది. ఇంట్లో రెండేళ్ల తమ్ముడున్నాడు. మీరు వెళ్లినప్పుడు ఆ అమ్మాయి మీతో అన్న మాట ఒకటే: “మామ తాగొచ్చిన రోజు నేను నాయనమ్మ కాడ పడుకుంటా.”

ఎక్కువమంది రాసింది ఇలా ఉంది: “బాలిక తన మేనమామ మద్యం సేవించి తనను వేధిస్తున్నాడని తెలిపినది.”

ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మాయి ‘మామ’ అంది. మీరు ‘మేనమామ’ చేశారు. మన ఊళ్లలో మామ అంటే అమ్మ తమ్ముడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, తండ్రి పోయాక అమ్మ మళ్లీ కట్టుకున్న మనిషి కావచ్చు, ఏ చుట్టరికమూ లేని పక్కింటాయన కావచ్చు. మేనరికం ఉన్న ఇళ్లలో ఆ అమ్మాయినే చేసుకోబోయే మనిషి కూడా కావచ్చు. ఆ చివరిదే నిజమైతే ఇది బడి మానేసిన కేసుగా మిగలదు, బాల్య వివాహం కేసు అవుతుంది. ‘చిన్నమ్మ’ కూడా అంతే. అమ్మ చెల్లెలా, సవతి తల్లా అన్నది అడిగితేనే తెలుస్తుంది. “మామ ఎవరో మీరు చెప్పలేదుగా” అని కొందరు కోప్పడ్డారు. కావాలనే చెప్పలేదు. రాయాల్సింది ఇది: “మామ అంటే ఎవరో ఇంకా అడగలేదు.” ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. వాళ్లకు నా అభినందనలు.

రెండోది, ‘వేధిస్తున్నాడు’ అని అమ్మాయి అనలేదు. జరుగుతుండవచ్చు, జరగకపోవచ్చు. మీ మనసులోని భయాన్ని ఆమె నోట పెట్టారు. రేపు కోర్టులో “నువ్వు అలా అన్నావా” అని ఎవరైనా అడిగితే “లేదు” అంటుంది. అప్పుడు నిజంగా జరిగినవాటిని కూడా ఎవరూ నమ్మరు.

మూడోది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. నాయనమ్మ మాయమైపోయింది. తాగొచ్చిన రోజు ఎక్కడికి పోవాలో పదకొండేళ్ల పిల్ల తనకు తానే వెతుక్కుంది. పడుకోనిచ్చే మనిషి ఊళ్లోనే ఉంది. ఆ కుటుంబంలో మనకు దొరికిన మొదటి బలం అదే. సంస్థలో పెట్టడం చివరి మార్గం కావాలని 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 3లోనే చెప్పింది. నాయనమ్మను ఫైల్లోంచి చెరిపేస్తే పిల్ల ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు మిగిలేది బాలసదనం ఒక్కటే.

“యాసలో రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు” అని ఒకరు రాశారు. కొటేషన్ గుర్తుల మధ్య పిల్ల మాట పెట్టండి, కింద మీ వివరణ వేరుగా రాయండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 26 పోలీసులకూ మేజిస్ట్రేట్‌కూ పిల్లలు చెప్పింది చెప్పినట్టే రాయమంటోంది. కోర్టుకు పనికొచ్చే ‘కాడ’ మన ఫైలుకు పనికిరాకుండా పోదు.

తేదీ, టైము, సంతకం, పేజీ నంబర్ల గురించి చెప్పను. అవి మీకు తెలుసు.

ఇక అసలు విషయం. మీ పేజీల్లో ప్రతి రెండు వాక్యాలకొకటి చొప్పున ‘విచారించగా తెలిసినది ఏమనగా’, ‘తెలియవచ్చింది’, ‘సమాచారం కలదు’, ‘గ్రామస్తుల ద్వారా తెలిసింది’ కనిపించాయి. ఈ భాష మనకు పోలీసు, రెవెన్యూ రిపోర్టుల నుంచి వచ్చింది. రాయడానికి హుందాగా ఉంటుంది, చదివితే పెద్ద విచారణ జరిగినట్టే ఉంటుంది. కానీ ‘తెలియవచ్చింది’కి కర్త లేడు. ఎవరు చెప్పారో, ఎవరు చూశారో, ఎప్పుడో ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. మన పనిలో అంతకంటే ప్రమాదకరమైన క్రియ నాకు కనిపించలేదు.

ఇంకో కేసులోని వాక్యం అనుకోండి: “తండ్రి మద్యానికి బానిస అని తెలియవచ్చింది.” ఈ మాట ఆశా కార్యకర్త చెప్పి ఉంటే, పోయిన నెల రెండుసార్లు తన కళ్లతో చూసి ఉండవచ్చు. ఆ కుటుంబంతో గట్టు తగాదా ఉన్న మనిషి చెప్పి ఉంటే వేరే బరువు. అమ్మమ్మ చెప్పి ఉంటే, అల్లుడి మీద ఆవిడకున్న కోపం ఎంతో చూసుకోవాలి. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. అయినా మూడు మాటలకూ మూడు విలువలు. ‘తెలియవచ్చింది’ ఆ మూడింటినీ ఒకటే చేసేస్తుంది.

“గ్రామస్తులు చెప్పారు” ఇంకా మోసం చేస్తుంది. ఒకసారి ఒక ఊళ్లో నలుగురిని అడిగాను. నలుగురూ “ఆ పిల్లను రోజూ కొడతారు” అన్నారు. నాలుగు సాక్ష్యాలు దొరికాయని రాసుకున్నాను. బస్టాండులో కూర్చుని మళ్లీ చదువుకుంటుంటే, మీరు చూశారా అని ఎవర్నీ అడగలేదని గుర్తొచ్చింది. వెనక్కి నడిచి వెళ్లి అడిగాను. ముగ్గురు విన్నదే చెప్పారు. ఎవరి దగ్గర విన్నారంటే ముగ్గురూ చెప్పింది నాలుగో మనిషి పేరే, కిరాణా కొట్టు ఆవిడ. నాలుగు సాక్ష్యాలు ఒకటయ్యాయి. ఆ ఒక్కావిడ మాత్రం ఆ ఇంటి గోడకు ఆనుకుని ఉండే మనిషి, రాత్రి ఏడుపులు నిజంగా విన్నది. కాబట్టి ఆ ఒక్కటీ బలమైనదే. కానీ నేను నాలుగని రాసి ఉంటే, ఎవరైనా ఒకరిని అడిగి “నేను చూడలేదండీ” అనిపించుకుని మొత్తం కొట్టిపారేసేవారు.

తెలుగులో ‘అట’ ఉంది. ‘కొడతాడట’ అనగానే చెప్పేవాడు చూడలేదని చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఆఫీసు భాషలో పడి మనం దాన్ని పారేసుకున్నాం. నా చిత్తు పుస్తకంలో నేను నిర్భయంగా ‘అట’ రాస్తాను. ఫైల్లోకి ఎక్కించేటప్పుడు దాని పక్కన మూడు విషయాలు చేరుస్తాను: ఎవరు అన్నారు, చూశారా విన్నారా, ఎప్పటి సంగతి. “అంగన్‌వాడీ టీచర్ చెప్పారు: సంక్రాంతి తర్వాత ఒకసారి పిల్ల చేతి మీద వాత చూశాను, అడిగితే పొయ్యి కాలిందంది.” ఇలా రాస్తే వాత పొయ్యి వల్లే అయి ఉండే అవకాశం కూడా ఫైల్లో బతికే ఉంటుంది.

దీనికి నేను వాడే పద్ధతి ఒకటుంది. చిత్తు పుస్తకంలో ఎడమ అంచు వదిలి, ప్రతి వాక్యానికీ ముందు ఒక అక్షరం వేస్తాను. నేను చూసింది ‘చూ’. ఒకరు చెప్పింది ‘వి’. కాగితంలో ఉన్నది ‘కా’. నా ఆలోచన ‘నా’. ఊరి నుంచి తిరిగొచ్చే బస్సులోనే వేసేస్తాను. మర్నాటికి ‘చూ’ ఏదో ‘నా’ ఏదో నాకే కలిసిపోతాయి. ల్యాప్‌టాప్‌లో నేరుగా టైపు చేసే అలవాటున్నవాళ్లు నా మాట విని మొదట చేత్తో రాయండి. అందులో నాకున్న ఇష్టం కూడా కలిసి ఉందని ఒప్పుకుంటాను, కానీ చేత్తో రాసేవాళ్లు తక్కువ కల్పిస్తారన్నది నా అనుభవం.

‘కా’ దగ్గర ఒక జాగ్రత్త. వయసుకు ఆధార్ చూసి ‘కా’ వేసి వదిలేస్తున్నారు. బాల న్యాయ చట్టం సెక్షన్ 94 వరస వేరు: ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువీకరణ, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆధార్ అందులో లేదు. బాల్య వివాహం కేసుల్లో ఈ తేడా వల్లే పిల్లలు మన చేతుల్లోంచి జారిపోతారు.

ఒక చెల్లెలు మంచి ప్రశ్న వేసింది: “చెప్పినవాళ్ల పేరు రాస్తే ఊళ్లో వాళ్లను బతకనిస్తారా అండీ?” ఈ భయం నిజమైనదే. అదే చట్టం సెక్షన్ 99 ప్రకారం కమిటీకి మనం ఇచ్చే రిపోర్టులు గోప్యమైనవి. కానీ వాటిలోని సారాంశాన్ని తల్లిదండ్రులకు తెలియజేసే వీలు కమిటీకి ఉంది. చిన్న ఊళ్లో ‘పక్కింటావిడ’ అని రాసినా పేరు రాసినట్టే. నేను రిపోర్టులో ‘సమాచారం ఇచ్చిన వ్యక్తి 1’ అని రాసి, చూశారా విన్నారా అన్నది మాత్రం తప్పకుండా చేరుస్తాను. ఎవరన్నది విడి కవర్లో కమిటీకి ఇస్తాను. ‘కిటికీలోంచి చూశాను’ లాంటి వివరం ఉంటే, ఆ కిటికీ ఎవరిదో ఊరంతటికీ తెలుసు కనుక దాన్ని కూడా కవర్లోకే పంపుతాను. ఇక పిల్ల ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం గురించి ఒక్క మాటే: అదే చట్టం సెక్షన్ 74 చదవండి, ఆరు నెలల జైలు దాకా ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చేసిన తప్పు ఒకటి చెబుతాను. “తల్లి విచారణకు సహకరించలేదు” అని ఒక ఫైల్లో రాశాను. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఇంటికి తాళం. రెండేళ్ల తర్వాత అదే కుటుంబం మళ్లీ కమిటీ ముందుకు వచ్చింది. కొత్తగా వచ్చిన వర్కర్ నా వాక్యం చదివి, తల్లికి పిల్లాడి మీద ఆసక్తి లేదని రాసింది. కమిటీలో ఒక సభ్యురాలు నన్ను పిలిపించి, ఏ టైములో వెళ్లారని అడిగారు. పాత డైరీ తీశాను. మూడుసార్లూ పొద్దున పదకొండు ప్రాంతం, ఫిబ్రవరి నెల. ఆ తల్లి తెల్లవారకముందే ఆటోలో కోతకు పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి. ఆమె నన్ను కాదన్నది లేదు, అసలు నన్ను చూసిందే లేదు. నేను రాయాల్సింది “మూడుసార్లు వెళ్లాను, ఈ తేదీల్లో, ఈ టైముల్లో, తాళం వేసి ఉంది” అని. నా విసుగును ఆమె గుణంగా రాశాను. రెండేళ్లపాటు ఆ పిల్లాడి ఫైల్లో అది నిజంగా చెలామణీ అయింది. ఆ తల్లికి క్షమాపణ చెప్పాను. ఆవిడ “పర్లేదులేమ్మా” అంది.

ఇప్పుడు అంచనాకు వద్దాం. సామాజిక పరిశోధన నివేదిక, అంటే ఫారం 22 చివరి భాగంలో, మన విశ్లేషణ, సిఫారసు ఉంటాయి. అక్కడ మాత్రమే ‘నా’ వాక్యాలకు చోటు. ప్రతి ‘నా’ కిందా కనీసం ఒక ‘చూ’గానీ ‘వి’గానీ ‘కా’గానీ ఆసరా ఉండాలి. లేకపోతే కొట్టేయండి.

మన అమ్మాయి మీదే ప్రయత్నిద్దాం. బడి మానేయడానికి మామ తాగుడే కారణమని అందరూ రాశారు. మిరప కోతల కాలం, రెండేళ్ల తమ్ముడు, పొద్దుపోయేదాకా రాని తల్లి – ఈ మూడూ మీ ముందే ఉన్నాయి. బడి మానడం తమ్ముణ్ణి చూసుకోవడానికే అయి ఉండవచ్చు. రాత్రి భయం వేరే సమస్య అయి ఉండవచ్చు. మొదటిదానికి తమ్ముణ్ణి ఎవరు చూస్తారన్నది తేల్చాలి. అంగన్‌వాడీలో రెండేళ్లవాణ్ణి ఎంతసేపు ఉంచుకుంటారో టీచర్‌నే అడగాలి, నాయనమ్మ ఇంట్లో పగలు వదలవచ్చేమో చూడాలి. రెండోదానికి మామ ఎవరో, అతను ఆ ఇంట్లో ఎందుకు ఉంటాడో తెలియాలి. ఒకే మందు రెండిటికీ పని చేయదు.

నాయనమ్మ దగ్గరకు వెళ్లి చూడండి. ఇల్లు ఎంత దూరం? రాత్రి ఆ దారిలో దీపం ఉందా? తలుపుకు లోపల గడియ ఉందా? మామ వెతుక్కుంటూ వస్తే ఆవిడ ఆపగలదా? అమ్మాయి వెళ్తున్నట్టు తల్లికి తెలుసా? నాయనమ్మ నిజంగా చూసుకోగలదని తేలి డబ్బొక్కటే అడ్డమైతే, పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. పేదరికాన్ని నిర్లక్ష్యంగా రాసే ముందు ఈ దారి చూశారా లేదా అని కమిటీ అడుగుతుంది, అడగాలి కూడా.

సిఫారసు రాశాక దాని కింద ఇంకో వాక్యం రాయండి: “ఇది తెలిస్తే నా అభిప్రాయం మారుతుంది.” ఈ కేసులో నా వాక్యం ఇది: “నాయనమ్మ ఇంటికి కూడా అతను రాత్రిళ్లు వస్తాడని తెలిస్తే, అమ్మాయిని అక్కడ ఉంచమనను.” తర్వాత ఫైలు తెరిచే వర్కర్‌కు ఏం కనిపెట్టి చూడాలో దీనివల్ల తెలుస్తుంది.

లైంగిక దాడి అనుమానం కలిగిన క్షణంలో మాత్రం ఇవన్నీ ఆపండి. పిల్లను మళ్లీ మళ్లీ అడగకండి. ఆమె అన్న మాట అన్నట్టు రాసుకుని వెంటనే పోలీసులకు చెప్పండి. వాళ్లు 24 గంటల్లో కమిటీకి తెలపాలి. మీరు అడిగిన ప్రశ్న కూడా రాయండి. “కొట్టాడా?” అని అడిగితే వచ్చిన “ఊ”కూ, “ఏమైంది?” అంటే వచ్చిన జవాబుకూ చాలా తేడా ఉంటుంది.

అభ్యాసం. ఈసారి కష్టమైనది, పది రోజులు ఇస్తున్నాను. మీరు ఇంతకుముందు రాసిన నిజమైన రిపోర్టు ఒకటి తీయండి, బయటకు పంపకండి. ప్రతి వాక్యం ముందు చూ, వి, కా, నా వేయండి. ఏ అక్షరమూ వేయలేని వాక్యాలకు గుండ్రం చుట్టండి. వాటిలో మూడు ఎంచుకుని, చెప్పిన మనిషి దగ్గరకు మళ్లీ వెళ్లి “మీరు చూశారా?” అని అడగండి. తర్వాత మీ సిఫారసు తప్పని వాదిస్తూ, అదే ఫైల్లోని వాక్యాలతో ఒక పేజీ రాయండి. నాకు పంపాల్సింది రెండే అంకెలు: ఎన్ని వాక్యాలకు గుండ్రం చుట్టారు, ఆ మూడింటిలో ఎన్ని నిలబడ్డాయి.