టిఫిన్ సెంటర్ జిడ్డు చెరువుకు పోకుండా

హన్మకొండలో నాది టిఫిన్ సెంటర్. పూరి, వడ, మిర్చి బజ్జీ, అన్నీ నూనె పనే. మోరీలో పోసిన నూనె చివరికి చెరువుకు చేరి నీళ్ల మీద పొర కడుతుంది. లోపలికి గాలి అందక చేపలు చస్తాయి. బతుకమ్మకు మన ఆడబిడ్డలు దిగేదీ ఆ నీళ్లలోకే కదా!

అంట్లకు నీళ్లు పట్టకముందే మిగిలిన చట్నీ, సాంబారు గీకి తడి చెత్త డబ్బాలో వేయండి. మూకుడు జిడ్డును పాత పేపర్‌తో తుడవండి. సింకుకు జాలీ తప్పనిసరి. దాని కింద గ్రీజ్ ట్రాప్, అంటే జిడ్డును ఆపే పెట్టె, పెట్టించండి. అందులో నీళ్లు నెమ్మదించి నూనె పైకి తేలుతుంది, మెతుకులు అడుగుకు దిగుతాయి, నడిమి నీళ్లే బయటికి పోతాయి. వారానికోసారైనా తీసి కడగాలి. నిండిపోయిన ట్రాప్ ఉన్నా లేనట్టే. మరిగే నీళ్లు పోసి జిడ్డు వదిలించొద్దు, అది ముందుకెళ్లి మోరీలో గడ్డ కడుతుంది.

నూనెను మళ్లీ మళ్లీ కాచితే పెరిగే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్లు, 25 శాతం దాటిన నూనె వంటకు వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 నుంచే ఉంది. అలాంటి నూనెను చల్లార్చి, డబ్బాలో పట్టి, బయోడీజిల్‌ కోసం సేకరించే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి. మళ్లీ వంటకే అమ్మేవాళ్లకు అస్సలు వద్దు.

బియ్యం కడిగిన నీళ్లు, గంజి పారబోయకండి. దగ్గర్లో బర్రెలున్నోళ్లకు చెప్తే కుడితికి పట్టుకుపోతారు.