ఆండ్రాయిడ్ యాప్‌లో ఆర్‌ఎక్స్‌జావాతో సెర్చ్ బాక్స్ నిర్మాణం

సెర్చ్ బాక్స్ చూడటానికి చిన్న భాగమే గానీ, దాన్ని సరిగా రాయడం తేలిక కాదు. వాడుకరి అక్షరాలు టైప్ చేస్తూ, మధ్యలో కొన్నింటిని చెరిపేస్తూ ఉంటారు. ముందు పంపిన అభ్యర్థనకు జవాబు ఆలస్యమై, తర్వాత పంపినదాని జవాబు ముందే వచ్చేస్తుంది. ఈలోగా స్క్రీన్ అడ్డంగా తిరిగి వ్యూ మొత్తం కొత్తగా తయారవుతుంది. వీటన్నిటినీ విడివిడి కాల్‌బ్యాక్‌లతోనూ బూలియన్ వేరియబుల్స్‌తోనూ సంభాళించబోతే కోడ్ త్వరలోనే చేయిదాటిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే విలువల ప్రవాహాన్ని (స్ట్రీమ్‌ను) నడిపించే రియాక్టివ్ లైబ్రరీ అసలు ప్రయోజనం ఇలాంటి చోటే తెలుస్తుంది కనుక, ఆర్‌ఎక్స్‌జావా వాడకాన్ని ఈ ఒక్క ఉదాహరణతోనే వివరిస్తాను. స్ట్రీమ్‌లోని విలువలను మార్చే, ఆపే, దాటించే ఫంక్షన్లయిన ఆపరేటర్లు వందల సంఖ్యలో ఉన్నాయి, వాటినన్నిటినీ నేర్చుకోనవసరం లేదు. ఒకదాని వెనుక ఒకటిగా కలిపిన ఆపరేటర్ల గొలుసులో దేన్ని ఏ స్థానంలో పెట్టాలో తెలియడమే ముఖ్యం.

ఆర్‌ఎక్స్‌జావా మూడో వెర్షన్ 2020 ఫిబ్రవరిలో వచ్చింది, రెండో వెర్షన్ నిర్వహణ 2021 ఫిబ్రవరితో ముగిసింది. అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారు మూడో వెర్షన్‌నే తీసుకోవాలి. దానితోపాటు ప్రధాన థ్రెడ్ షెడ్యూలర్ (పని ఏ థ్రెడ్‌లో జరగాలో చూసేది) కోసం ఆర్‌ఎక్స్‌ఆండ్రాయిడ్, వ్యూల సంఘటనల కోసం ఆర్‌ఎక్స్‌బైండింగ్, నెట్‌వర్క్ కోసం రెట్రోఫిట్, దానికి సంబంధించిన ఆర్‌ఎక్స్‌జావా 3 అడాప్టర్‌ను గ్రేడిల్ ఫైల్‌లో చేర్చండి. వీటిలో ఏ ఒక్కటి రెండో వెర్షన్‌కు చెందినదైనా టైపులు కలవవు, ఎందుకంటే రెండింటి ప్యాకేజీ పేర్లు వేరు.

సర్వర్‌ను పిలిచే ఫంక్షన్ ఏ టైపును తిరిగి ఇవ్వాలో ముందు నిర్ణయించండి. సెర్చ్ అభ్యర్థనకు ఒకే జవాబు వస్తుంది, లేదా లోపం వస్తుంది. కాబట్టి సింగిల్ సరిపోతుంది. టైప్ చేసే అక్షరాలు ఎన్నిసార్లయినా వస్తాయి గనుక వాటికి అబ్జర్వబుల్ తగినది. సెన్సర్ రీడింగుల వంటివి, అందుకునేవారికంటే వేగంగా వచ్చేవి, ఉన్నప్పుడు మాత్రమే, ఆ వేగాన్ని అదుపు చేయగల ఫ్లోవబుల్ గురించి ఆలోచించండి.

ఇప్పుడు గొలుసు. ఎడిట్‌టెక్స్ట్ నుంచి వచ్చే టెక్స్ట్‌ఛేంజెస్ స్ట్రీమ్, సబ్‌స్క్రైబ్ చేసిన (దాని విలువలను అందుకోవడం మొదలుపెట్టిన) వెంటనే పెట్టెలో అప్పటికే ఉన్న విలువను పంపుతుంది. అది అక్కర్లేకపోతే స్కిప్‌ఇనిషియల్‌వాల్యూతో దాటేయండి. ఆ తర్వాత మొదటి ఆపరేటర్‌గా మ్యాప్ పెట్టి, వచ్చిన పాఠ్యాన్ని స్ట్రింగ్‌గా మార్చి, అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేయండి. చాలామంది ఈ మార్పును గొలుసు చివర చేస్తారు, అది ప్రమాదకరం: ఆ స్ట్రీమ్ పంపే క్యారెక్టర్ సీక్వెన్స్ వ్యూ సొంతం, తర్వాత మారిపోగలదు, కనుక దాన్ని ఆలస్యంగా గానీ వేరే థ్రెడ్‌లో గానీ చదవకూడదు. స్ట్రింగ్‌గా మార్చుకున్నాకే డిబౌన్స్ రావాలి. 300 మిల్లీసెకన్ల విరామం మంచి ఆరంభ విలువ. అంతసేపు కొత్త అక్షరం రాకపోతేనే పాఠ్యం ముందుకు వెళ్తుంది. దాని వెనుక, ముందటి విలువే మళ్లీ వస్తే ఆపేసే డిస్టింక్ట్‌అంటిల్‌ఛేంజ్డ్ ఉంటే, వాడుకరి ఒక అక్షరం కొట్టి వెంటనే చెరిపేసినప్పుడు అదే పదంతో రెండో అభ్యర్థన వెళ్లదు. ఈ రెండింటి క్రమం తారుమారైతే ఆ లాభం పోతుంది.

తర్వాతి స్థానం, వచ్చిన ప్రతి పదానికీ సర్వర్ అభ్యర్థనను మొదలుపెట్టే స్విచ్‌మ్యాప్‌సింగిల్‌ది, ఈ గొలుసు ప్రాణమంతా అక్కడే ఉంది. ఫ్లాట్‌మ్యాప్ వాడితే పాత అభ్యర్థనలన్నీ నడుస్తూనే ఉండి, ఏ జవాబు ఆఖరున వస్తే అదే తెరమీద మిగులుతుంది. వాడుకరి ఒక పదం చూస్తూ వేరే పదం ఫలితాలు చదవాల్సి వస్తుంది. కాన్‌క్యాట్‌మ్యాప్ క్రమం తప్పదు గానీ, ప్రతి జవాబు కోసం వరుసలో వేచి ఉంటుంది. స్విచ్‌మ్యాప్ కొత్త పదం రాగానే పాత సబ్‌స్క్రిప్షన్‌ను విడిచిపెడుతుంది, రెట్రోఫిట్ ఆ పాత పిలుపును రద్దు చేస్తుంది. ఖాళీ పాఠ్యాన్ని స్విచ్‌మ్యాప్‌కు ముందే ఫిల్టర్‌తో ఆపేయాలని అనిపిస్తుంది, కానీ అలా చేయవద్దు. ఆపేస్తే పెట్టె ఖాళీ చేశాక కూడా పాత అభ్యర్థన రద్దు కాక, దాని ఫలితాలు వచ్చి తెరమీద పడతాయి. ఖాళీ పాఠ్యాన్ని లోపలికి రానిచ్చి, అక్కడ ఖాళీ జాబితాతో కూడిన సింగిల్‌ను తిరిగి ఇవ్వడమే సరైన పద్ధతి.

లోపాల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. లోపాన్ని తెలిపే ఆన్‌ఎర్రర్ సంకేతం వచ్చిందంటే ఆ స్ట్రీమ్ అంతటితో ముగిసినట్టే. ఒక్కసారి నెట్‌వర్క్ తెగితే, ఆ లోపం బయటి గొలుసుకు చేరి, ఆ తర్వాత వాడుకరి ఎంత టైప్ చేసినా సెర్చ్ బాక్స్ పలకదు. సబ్‌స్క్రైబ్‌లో లోపానికి హ్యాండ్లర్ ఉంటే యాప్ మూతపడదు గనుక ఈ దోషం పరీక్షల్లో సులభంగా తప్పించుకుంటుంది. అందుకే ఆన్‌ఎర్రర్‌రిటర్న్‌ను స్విచ్‌మ్యాప్ లోపల ఉన్న సింగిల్‌కే తగిలించి, లోపాన్ని కూడా ఒక మామూలు విలువగా మార్చండి. కోట్లిన్‌లో ఫలితం, వైఫల్యం అనే రెండు స్థితులతో ఒక సీల్డ్ క్లాస్ రాసుకుంటే తెరను గీసే కోడ్ స్పష్టంగా ఉంటుంది. సబ్‌స్క్రైబ్‌లోనూ లోపానికి ఒక లాంబ్డా తప్పనిసరిగా ఇవ్వండి. మరొక మాట: రెండో వెర్షన్ నుంచి స్ట్రీమ్‌లో నల్ విలువకు చోటు లేదు, మ్యాప్ నుంచి నల్ తిరిగి ఇచ్చినా అది లోపంగానే మారుతుంది.

థ్రెడ్‌ల గురించి గందరగోళం ఎక్కువ. అబ్జర్వ్‌ఆన్ తన కింద ఉన్న ఆపరేటర్లను వేరే థ్రెడ్‌కు తరలిస్తుంది. సబ్‌స్క్రైబ్‌ఆన్ మూలం ఏ థ్రెడ్‌లో మొదలవాలో నిర్ణయిస్తుంది. దాన్ని ఎన్నిసార్లు రాసినా మూలానికి దగ్గరగా ఉన్నదే మూలానికి వర్తిస్తుంది. మన మూలం ఒక వ్యూ, దానికి ప్రధాన థ్రెడ్‌లోనే సబ్‌స్క్రైబ్ చేయాలి. అందుచేత బయటి గొలుసుకు సబ్‌స్క్రైబ్‌ఆన్ ఐఓ (నేపథ్య థ్రెడ్‌ల షెడ్యూలర్) పెట్టకూడదు. రెట్రోఫిట్ ఆర్‌ఎక్స్‌జావా 3 అడాప్టర్ మామూలు క్రియేట్‌తో తయారైతే తనంతట తానే నేపథ్యంలో పని చేస్తుంది. ఫైల్ చదవడం వంటి పనిని ఫ్రమ్‌కాలబుల్‌తో రాసినప్పుడు మాత్రం లోపలి సింగిల్‌కు సబ్‌స్క్రైబ్‌ఆన్ ఐఓ జోడించండి. డిబౌన్స్ విలువలను కంప్యుటేషన్ షెడ్యూలర్‌కు మార్చేస్తుంది కనుక, సబ్‌స్క్రైబ్‌కు సరిగ్గా ముందు ప్రధాన థ్రెడ్‌కు అబ్జర్వ్‌ఆన్ ఒక్కసారి ఉండాలి.

సబ్‌స్క్రిప్షన్‌ను రద్దు చేసుకోవడానికి సబ్‌స్క్రైబ్ తిరిగి ఇచ్చే డిస్పోజబుల్‌ను వదిలేస్తే ఫ్రాగ్మెంట్ వ్యూ పోయాక కూడా గొలుసు దాన్ని పట్టుకునే ఉంటుంది. డిస్పోజబుల్‌లను ఒకచోట ఉంచే కాంపోజిట్ డిస్పోజబుల్‌లో దాన్ని చేర్చి, ఆన్‌డిస్ట్రాయ్‌వ్యూలో క్లియర్ పిలవండి. అక్కడ డిస్పోజ్ పిలవకూడదు: ఆ తర్వాత చేర్చిన ప్రతి సబ్‌స్క్రిప్షన్ అప్పటికప్పుడే రద్దవుతుంది, వ్యూ మళ్లీ తయారైనప్పుడు సెర్చ్ పనిచేయదు. రద్దయ్యాక వచ్చే లోపాలకు అందుకునేవారు ఉండరు. అవి లైబ్రరీ సార్వత్రిక ఎర్రర్ హ్యాండ్లర్‌కు వెళ్లి, అది ఏర్పాటు కాకపోతే యాప్ కూలిపోతుంది. అప్లికేషన్ క్లాస్‌లో ఆ హ్యాండ్లర్‌ను పెట్టి, నెట్‌వర్క్, అంతరాయ సంబంధమైనవాటిని మాత్రమే విస్మరించండి. అన్నిటినీ మింగేసే హ్యాండ్లర్ అసలు దోషాలను కూడా దాచేస్తుంది.

పరీక్ష రాయాలంటే డిబౌన్స్‌కు షెడ్యూలర్‌ను కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించండి. పరీక్షలో, కాలాన్ని మనమే జరపగల టెస్ట్ షెడ్యూలర్ ఇచ్చి, ఎడిట్‌టెక్స్ట్ స్థానంలో మనమే విలువలు పంపగల పబ్లిష్ సబ్జెక్ట్ పెట్టి, ఒక పదం పంపి కాలాన్ని 299 మిల్లీసెకన్లు ముందుకు జరపండి: అభ్యర్థన వెళ్లకూడదు. మరో మిల్లీసెకను జరిపితే వెళ్లాలి. తర్వాత నకిలీ సర్వర్ నుంచి ఒక లోపాన్ని పంపి, ఆ వెంటనే కొత్త పదం ఇచ్చి, దానికి ఫలితం వస్తోందో లేదో చూడండి.